తాళం తీసిన చెయ్యి

వేసిన తాళం వేసినట్టే ఉంది, దాని ఒకే ఒక్క తాళంచెవి రాత్రంతా భర్త చొక్కా జేబులోనే ఉంది, కానీ అది తీసుకుని తెరిచి చూస్తే పెట్టెలోని నొప్పి మాత్రల పట్టీలో రాత్రి నిండుగా ఉన్న రెండు గుంటలు ఇప్పుడు ఖాళీగా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఆవిడ మంచం మీద కూలబడింది.

మాత్రలు తగ్గడం ఇది మొదటిసారి కాదు. పోయినవారం కూడా ఇలాగే మాయమయ్యాయి. అప్పటి నుంచి డాక్టరు మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది. "మతిమరుపు ఏమైనా ఉంటోందా అమ్మా? ఉంటే దాచకండి. జబ్బు తలకి పాకిందంటే ఈ సూదిమందు ఆపెయ్యాల్సి ఉంటుంది." మందు ఆపడమంటే ఏమిటో ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. తానే మింగి తానే మరచిపోతోందేమో తేల్చుకోవడానికే పెట్టెకి తాళం వేసి, తాళంచెవి భర్తకిచ్చింది.

క్లోమంలో గడ్డ ఉందని తెలిసిన నాడే దానికి ఇల్లరికం అల్లుడని పేరు పెట్టిన మనిషి ఆవిడ. "కూర్చుని తింటాడు, పొమ్మంటే పోడు, పైగా అలుగుతాడు" అని వార్డంతా నవ్వించింది. సూది ఒక్క పోటుకే నరంలోకి దిగితే నర్సు చేతులు పట్టుకుని "నీ కడుపు చల్లగుండ" అని దీవించేది. నాలుగు ముద్దలు కడుపులో నిలిచిన పూట, వండిన భర్తకి దణ్ణం పెట్టేది. ఆ నవ్వులూ ఆ దణ్ణాలూ బుర్ర సరిగా ఉన్నంతవరకే. అదే పోతే ఇక తనలో తానంటూ మిగిలేదెవరు?

"ఏమయింది, అలా చూస్తున్నావు?" భర్త గుమ్మంలోంచి అడిగాడు.

"రాత్రి నేను లేచానా?"

"లేవలేదే. నా గురకకి కూడా లేవలేదు."

"మీ గురకకి లేవాలంటే ముందు నిద్ర పట్టాలి కదండీ." జోకు అలవాటుకొద్దీ వచ్చేసింది.

చెవి ఆయన దగ్గరుంటే మాత్రం ఏం లాభం? పెళ్లికి ముందు నుంచీ తాళాల కొట్టు నడిపిన చెయ్యి తనది. మనసుకి చెప్పకుండా వేళ్లే తీసేసి ఉండొచ్చు.

తేల్చుకునే దారి ఒక్కటే. పనిముట్ల సంచి ఒళ్లో పెట్టుకుని తాళం విప్పింది. చిన్న స్ప్రింగు ఒకటి దుప్పట్లోకి ఎగిరిపోయింది. "నువ్వూ పారిపోతున్నావుటే?" అని గొణిగి, లోపలి ఇత్తడి పిన్నులు ఒక్కొక్కటే తీసి కిటికీ వెలుగులో భూతద్దం కింద పెట్టింది. చెవితో తీస్తే పిన్ను మొన నున్నగా ఉంటుంది. తీగతో మీటితే గీత పడుతుంది.

గీతలున్నాయి.

ఇంకా దగ్గరికి వంగింది. తాను మీటితే గీతలు ఒక పక్కకే ఒరుగుతాయి. ఆ ఒరుగు ఆవిడకి తన సంతకమంత తెలుసు. ఇవి రెండో పక్కకి ఒరిగి ఉన్నాయి. ఎడమచేతి వాటం.

"నేను కాదు!" అని అరిచింది. "ఏమండీ, నా బుర్ర బాగానే ఉంది!" దేవుడికీ భూతద్దం చేసినవాడికీ కలిపి ఒకే దణ్ణం పెట్టబోయింది. ఎత్తిన చేతులు మధ్యలోనే ఆగిపోయాయి.

ఎడమ చేత్తో తాళం మీటడం ఆవిడ ఒక్కడికే నేర్పింది. రోజూ పొద్దున్నే కొట్టు తెరిచే ముందు వచ్చి, ఆవిడ వాంతి గిన్నె కడిగిపెట్టి వెళ్లే తోడబుట్టినవాడికి. ఇవాళా వచ్చి వెళ్లాడు.

అమ్ముకుంటున్నాడా? మత్తుకి మరిగాడా? కొట్టు కింది అంతస్తులోనే. భర్త వద్దంటున్నా వినకుండా పిన్నులు గుప్పిట్లో పోసుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

తమ్ముడు ఆకురాయితో తాళంచెవికి పళ్లు కోస్తున్నాడు.

"ఏంటక్కా, నువ్వే దిగొచ్చావు! అల్లుడుగారు సెలవిచ్చారా?"

"ఇచ్చారు. దొంగని పట్టుకు రమ్మన్నారు." గుప్పిట విప్పి పిన్నులు బల్ల మీద పోసింది. "ఇన్నేళ్లు నేర్పాను కదరా. గీతలు పడకుండా తియ్యడం ఇంకా రాలేదా నీకు?"

వాడు నవ్వబోయాడు. పెదవులు కదిలాయి గానీ నవ్వు రాలేదు. అప్పుడు చూసిందావిడ. వాడు ఆకురాయి పట్టింది కుడి చేత్తో. పుట్టి బుద్ధెరిగాక వాడు కుడి చేత్తో పనిముట్టు పట్టగా చూడలేదు. ఎడమ చెయ్యి ఒంటికి అతుక్కుని, ఒళ్లో ఊరికే పడి ఉంది.

డాక్టరు తన గడ్డ సంగతి చెప్పిన రోజు కూడా ఆవిడకి ఇంత భయం వెయ్యలేదు.

"ఆ చెయ్యి పైకెత్తు," అంది.

ఎత్తలేకపోయాడు.

"చెప్పరా. నీకు దణ్ణం పెడతాను, చెప్పు."

"నేనేనక్కా తీసింది. పోయినవారం నేనే, ఇవాళా నేనే, నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు. చంకలో గడ్డ లేచింది. సెగ్గడ్డేలే అనుకున్నా. ఇప్పుడు నిమ్మకాయంత అయింది, చెయ్యి పైకి లేవట్లేదు, వేళ్లు మాత్రం ఆడుతున్నాయి, రాత్రుళ్లు నొప్పికి కన్ను మూతపడట్లేదు. డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే దానికేదో పేరు చెప్తారు కదా. నీకైతే అల్లుడని పేరు పెట్టి ఆడించడం వచ్చు, సూది గుచ్చినావిడకి దణ్ణం పెట్టడం వచ్చు. నాకు రాదు. నీ గిన్నె కడుగుతూ రోజూ ఆ నవ్వు నేర్చుకుందామనే చూశా. రాలేదక్కా. భయమే వచ్చింది. ఒక్క ఇంట్లో ఇద్దరంటే బావ తట్టుకోలేడని చెప్పలేదు... అబద్ధం, బావ గురించి కాదు. నేను చెప్తే నువ్వు నవ్వడం మానేస్తావని. మతి పోతోందేమోనని నువ్వు హడలిపోతుంటే, కాదక్కా, దొంగని నేనూ అని ఒక్క ముక్క చెప్పలేకపోయా. నీ నొప్పి ఎలా ఉంటుందో కళ్లారా చూస్తూ కూడా నీ మాత్రలు మింగా. తిట్టు. కొట్టు. కానీ ఆస్పత్రికి మాత్రం నన్నొక్కణ్ణే పంపకక్కా."