తిన్నగా పరిగెత్తవచ్చు

"నీ పాదం రొట్టె వైపు చూస్తోంది," అంది అత్తగారు.

బురుల్ కాలు వెనక్కి తీసుకోవాలనే అనుకుంది. మోకాలు ఒప్పుకోలేదు. ఆపరేషన్ అయి అప్పటికి పదహారు రోజులు. నేల మీద పరిచిన గుడ్డ, దాని మీద రొట్టెలు, వెన్న, ఆప్రికాట్ జామ్, చుట్టూ బొంతల మీద కాళ్ళు మడిచి కూర్చున్న ఎనిమిదిమంది బంధువులు. అందరూ పరామర్శకు వచ్చినవాళ్ళే. పరామర్శ బురుల్‌కి, వచ్చినవాళ్ళకి టీ పోయవలసిందీ బురులే. కరకోల్ ఊళ్ళో బుద్ధిగల కోడలు కప్పు నిండా పోయదు, నిండా పోస్తే ఇక వెళ్ళమన్నట్టు. రెండు గుక్కలు పోసి ఇస్తుంది, అవి తాగి కప్పు తిప్పి పంపుతారు, మళ్ళీ రెండు గుక్కలు. అలా ఎనిమిదిమందికి రెండు గంటలపాటు, ఒక కాలు కర్రలా చాపుకుని, నడుము విరిగేలా వంగి పోసింది.

"డాక్టర్ మడవొద్దన్నాడు అపా." అత్తగారిని అక్కడ అపా అనే పిలుస్తారు.

"అతను కుర్చీల మీద కూర్చుని తినేవాళ్ళ డాక్టర్. అతనికేం తెలుస్తుంది మన మర్యాద?"

భర్త మక్సత్ లేచి వచ్చి ఆమె పాదం మీద ఒక దిండు కప్పాడు. మంచివాడు మక్సత్. అందరూ అంటారు, బురుల్ కూడా కాదనదు. పాదం కనబడకుండా దిండు కప్పి, తిరిగి వెళ్ళి తన చోట కూర్చుని, తన కప్పు ఆమె వైపు జరిపాడు.

ఆమె పదమూడో ఏట నుంచి పరిగెత్తుతోంది. ఐదు వేల మీటర్లలో ఒకసారి దేశం మొత్తం మీద రెండోది. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు, బడిలో వ్యాయామం టీచరు, ఆడపిల్లల పరుగు జట్టును తయారు చేసేదీ ఆమే. కంకర మీద, మంచు మీద, కొండ బాటల మీద ఇరవై మూడేళ్ళు పరిగెత్తితే ఆ మోకాలు ఒక్కసారి కూడా బెణకలేదు. జనవరిలో మామగారి తమ్ముళ్ళు భోజనానికి వచ్చినప్పుడు, వాకిట్లో నీళ్ళు మరిగే సమోవర్ దగ్గర కేటిలు నింపుకుని ఇంట్లోకి వస్తూ గడ్డకట్టిన మెట్టు మీద జారింది. మరిగే నీళ్ళు ఒలకకూడదని పడుతూ పడుతూ ఒళ్ళు తిప్పింది. మోకాటి లోపల ఏదో తెగిన చప్పుడు ఆమె చెవికి వినబడింది. నీళ్ళు మాత్రం ఒక్క చుక్క ఒలకలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

తెగింది కేటిలు మోస్తుంటే అని ఇంట్లో అందరూ కళ్ళారా చూశారు. అయినా నింద పరుగుకే అంటగట్టారు. "అన్నేళ్ళు అరగదీస్తే ఏ కాలు మాత్రం మిగులుతుంది?" అంది అత్తగారు. "పెళ్ళయినదాన్ని ఎవరు తరుముతున్నారని ఆ పరుగు?" అంది పెద్దాడబిడ్డ, వచ్చినవాళ్ళంతా నవ్వేలాగా. మక్సత్ నవ్వలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొస్తూ వ్యానులో ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని, "ఇంక చాల్లే బురుల్. పతకాలు గోడకి ఉన్నాయి కదా," అన్నాడు. రాజధాని బిష్కెక్ నుంచి కరకోల్ దాకా ఆమె రోడ్డు పక్క మైలురాళ్ళు లెక్క పెట్టుకుంటూ కూర్చుంది.

మూడోవారం పిండి పిసికింది. నాలుగోవారం ఆవు పాలు పిండింది. కాలు చాపుకుని కూడా పాలు పిండవచ్చని కనిపెట్టింది అత్తగారే. కానీ డాక్టర్ చెప్పిన కసరత్తు చేయడానికి, మోకాటి కింద తువాలు చుట్ట పెట్టుకుని పది నిమిషాలు నొక్కుదామని పడుకుంటే చాలు, గుమ్మంలోంచి మాట వచ్చి పడేది. "ఆ తువాళ్ళు నొక్కే బదులు ఉతకొచ్చు కదా." బురుల్ మనసులోనే లెక్క పెట్టుకునేది, పదిహేడు, పద్దెనిమిది, పందొమ్మిది. ముప్పై అయ్యేదాకా లేచేది కాదు. ఆ ఇంట్లో ఆమె చేసిన మొదటి ఎదురు తిరుగుడు అదే, ఎవరికీ తెలియలేదు.

కుట్టుపని టేపుతో తొడ కొలుచుకుంది. మంచి కాలు యాభై నాలుగు సెంటీమీటర్లు, కోసిన కాలు నలభై తొమ్మిది. కండ కరిగిపోయి చర్మం వదులైపోయింది. పొద్దున్నే నాడి పట్టుకుని చూసుకుంటే, ఒకప్పుడు నిమిషానికి నలభై ఎనిమిది సార్లు కొట్టుకునే గుండె డెబ్బై మూడు కొట్టుకుంటోంది. బడిలో రెండో అంతస్తు ఎక్కితే రొప్పు వచ్చింది. ఇరవై మూడేళ్ళు కూడబెట్టుకున్నది ఐదు వారాల్లో పోయింది. సంపాదించుకున్నది ఆమె ఒక్కతే కాబట్టి పోయిందని ఏడ్చేదీ ఆమె ఒక్కతే. మిగతా ఇంటికి పోయిందేమీ కనబడలేదు. రొట్టె పొంగుతోంది, ఆవు పాలిస్తోంది, కప్పులు తిరుగుతున్నాయి.

ఆపరేషన్ అయిన ఐదో నెలలో డాక్టర్ మోకాలు అటూ ఇటూ ఒంచి చూసి కాగితం మీద రాశాడు. తిన్నగా పరిగెత్తవచ్చు, మలుపులు వద్దు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆమె ఆ కాగితం గట్టిగా చదివింది. మక్సత్ మాంసం ముక్క ఒకటి ఏరి ఆమె పళ్ళెంలో వేస్తూ, "మళ్ళీ తెగితే ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆమెకు అంత కోపం వచ్చింది.

మర్నాటి నుంచి చేతిలో సంచి పట్టుకుని బయల్దేరడం మొదలుపెట్టింది. సంచి పట్టుకున్న ఆడదాన్ని ఎక్కడికని ఎవరూ అడగరు. బజారుకి అనుకుంటారు. ఊరు దాటి ఆపిల్ తోటల పక్క నుంచి వెళ్ళే తిన్నని రోడ్డు మీద ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక. మొదటిరోజు నాలుగో విడతకే ఊపిరి అందక, తోట కంచె పట్టుకుని నిలబడిపోయింది. ఐదు వేల మీటర్ల మనిషి నాలుగు నిమిషాల పరుగుకి కంచె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఐదో విడత పూర్తి చేసి, మీగడ కొనుక్కుని ఇంటికొచ్చింది. జూలైలో పదిహేను నిమిషాలు ఆగకుండా. ఆగస్టులో నలభై. తొడ యాభై రెండు. ఇంట్లో మీగడ పేరుకుపోయింది. "ఈ మధ్య నీకు బజారు పిచ్చి పట్టింది," అంది అత్తగారు. పన్నెండేళ్ళ కూతురి ముందు ఆ అబద్ధం ఆడవలసి వచ్చినప్పుడల్లా బురుల్‌కి సిగ్గేసేది. దొంగతనం చేస్తున్నట్టు ఎందుకు పరిగెత్తాలి తను, తన కాళ్ళతో?

సెప్టెంబరు చివర మరిది కూతురు అరూకెకు తాడు కోసే వేడుక. నడక వచ్చిన పిల్ల కాళ్ళకు నలుపూ తెలుపూ పేనిన తాడు కట్టి నిలబెడతారు. వీధి చివర నుంచి పందెం. అందరికంటే ముందు వచ్చి ఆ తాడు కోసిన మనిషి కాళ్ళే పిల్లకూ వస్తాయి. ఆడపిల్ల కాబట్టి ఆడవాళ్ళ పందెం. ఆ పేటలో పరిగెత్తే పిల్లల్లో సగంమంది తాళ్ళు బురుల్ కోసినవే. ఇళ్ళకొచ్చి బతిమాలి తీసుకెళ్ళేవాళ్ళు.

"రేపు నువ్వు సమోవర్ దగ్గర ఉండు," అంది అత్తగారు ముందురోజు. "కోసిన కాలు ఉన్నదాని చేత తాడు కోయిస్తే పిల్ల కుంటుతుంది. నా మాట కాదు, పెద్దవాళ్ళు అనేదే."

అత్తగారు అవతలికి వెళ్ళాక, నూనెలో పిండి ముక్కలు వేయిస్తున్న తోడికోడలు జిబెక్ గొంతు తగ్గించి అంది. "అక్కా, కన్నది నేను. నా పిల్లకి నీ కాళ్ళు రాకపోయినా ఫరవాలేదు, నీ మొండితనం వస్తే చాలు."

బురుల్ నవ్వేసింది. పరిగెత్తాలని అప్పటికి అనుకోలేదు. ఒకరి వేడుకలో గొడవ ఎందుకని సమోవర్ దగ్గరే ఉందామనుకుంది. మర్నాడు నిజంగానే ఉంది కూడా, బడి హెడ్మాస్టర్ కప్పు చాచేదాకా.

"నీ నిర్ణయం మంచిదేనమ్మా," అన్నాడాయన. "వచ్చే సోమవారం నుంచి పరుగు జట్టు కొత్త మాస్టారికి అప్పజెప్పాను. నువ్వు ఒకటో తరగతి పిల్లల చేత చేతులూపించు, హాయిగా ఉంటుంది."

"ఏ నిర్ణయం?"

"మక్సత్ కాగితం తెచ్చి ఇచ్చాడుగా. కాలు బాలేక జట్టు వదులుకుంటున్నావని."

బురుల్ భర్త వైపు చూసింది. అతను తల గోక్కున్నాడు. "నీ మంచికే."

"నన్నడగలేదే?"

"అడిగితే ఒప్పుకోవు కదా."

ఎంత తేలిగ్గా అన్నాడు. ఒప్పుకోదని తెలుసు, అందుకే అడగలేదు. పదమూడేళ్ళ కాపురంలో ఇంకేమేమి అడగలేదో ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఊళ్ళో పోటీకి ఆమె రాదని ఫోన్ చేసి చెప్పింది అతనే. బిష్కెక్ శిక్షణకు రానని ఆమె పేరుతో రాసింది అతనే. ప్రతిసారీ ఆమె మంచికే, ప్రతిసారీ నవ్వుతూనే. ఆమె కాలు కోసిన డాక్టర్ కూడా కోసే ముందు సంతకం అడిగాడు.

బయట వీధిలో ఆడవాళ్ళను పందానికి పిలుస్తున్నారు. బురుల్ కేటిలు నేల మీద పెట్టి, ఏప్రన్ విప్పి, గేటు దాటి నడిచింది. వీధి చివర పదిమంది అప్పటికే నిలబడి ఉన్నారు, పావడాలు ఎగదోపుకున్న పిన్నులు, కిచకిచలాడుతున్న పెళ్ళికాని పిల్లలు, వాళ్ళలో జట్టులో అందరికంటే చురుకైన అదినాయ్. అత్తగారు వెనకే పరుగులాంటి నడకతో వచ్చింది.

"ఏమిటిది? నలుగురిలో నా పరువు తీస్తావా?"

"వీధి తిన్నగానే ఉంది అపా. తిన్నగా పరిగెత్తవచ్చని రాసిచ్చాడు డాక్టర్."

ఎవరో కేక వేశారు. అందరూ కదిలారు. మొదటి పది అడుగులు మోకాలు భయపడింది, తర్వాత మరచిపోయింది. పిన్నులు వెనకబడ్డారు. పిల్లలు వెనకబడ్డారు. సగం వీధి దాటేసరికి ముందు అదినాయ్ ఒక్కతే ఉంది. ఆ పిల్ల వెనక్కి చూసి, టీచరే అని గుర్తుపట్టి, కావాలని అడుగు తగ్గించింది.

"నా కోసం ఆగావంటే సోమవారం స్టేడియంకి రాకు," అంది బురుల్ రొప్పుతూ.

"సోమవారం కొత్త సారట కదా టీచర్."

"సోమవారం నేనే. కదులు."

అదినాయ్ కదిలింది. పన్నెండు అడుగుల ముందు చేరి, కత్తి అందుకుని, తాడు కోసింది. అరూకె రెండడుగులు వేసి కింద కూలబడి కేరింతలు కొట్టింది. బురుల్ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి ఊపిరి పీల్చుకుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. కాళ్ళు రెండూ వణుకుతున్నాయి, రెండూ ఒకేలా వణుకుతున్నాయి. పన్నెండు అడుగులు. ఎంత బాకీ ఉందో తేలిపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఆకలేసింది.

"రెండోదే," అంది పెద్దాడబిడ్డ పెదవి విరిచి.

"రెండోదాన్నే వదినా. వచ్చే ఏడు చూద్దువుగాని."

హెడ్మాస్టర్ కప్పుతోనే వచ్చి నిలబడి ఉన్నాడు. బురుల్ నిటారుగా లేచి ఆయన ముందుకు వెళ్ళింది. "ఆ కాగితం నేను రాసింది కాదు సార్. జట్టు నాది. సోమవారం ఆరింటికి స్టేడియంలో ఉంటాను."

ఆయన మక్సత్ వైపు చూశాడు.

"ఆయన్ని కాదు సార్, నన్ను చూడండి."

ఆయన ఆమెను చూశాడు. కప్పులోకి చూసుకున్నాడు. చివరికి తలూపాడు. మక్సత్ చుట్టూ ఉన్న జనాన్ని చూసి, జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు.

అత్తగారు మాత్రం అప్పటికే తేరుకుంది. పరువు సంగతి పక్కన పెట్టి, కోడలి కాలును పైనుంచి కిందికి పరికించి చూసి, మొహం విప్పార్చుకుంది. "అయితే కాలు పూర్తిగా బాగైపోయిందన్నమాట. నేనింకా ఎంతకాలం పడుతుందో అనుకుంటున్నా. పద పద, లోపల నలభైమంది టీకి కూర్చున్నారు."

బురుల్ తలగుడ్డ విప్పి మెడ మీది చెమట తుడుచుకుంది.

"పరుగుకి బాగైంది అపా," అంది. "మిగతావాటికి ఎప్పుడు బాగవుతుందో నేను చెప్తాను."