మూల బల్ల

మా కుట్టు ఫ్యాక్టరీలో సంఘం పెట్టినందుకు మాతోపాటే పనిచేసే పొడుగక్క మొగుణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. ఎక్కడ ఉంచారో చెప్పలేదు. ఆమెతో ఎవరు మాట్లాడినా పని పోతుందని మర్నాడు సూపర్‌వైజర్ హెచ్చరించాడు.

భోజనాల వేళ ఆమె మూల బల్ల దగ్గర ఒంటరిగా, డబ్బా మూతయినా తీయకుండా కూర్చుంది. మేం తలలు వంచుకున్నాం.

చివరికి గుండీలు కుట్టే పిన్ని లేచింది. మంచాన పడ్డ భర్తని ఆమె సంపాదనే పోషిస్తోంది.

"కాస్త జరుగమ్మాయ్," అంటూ పొడుగక్క పక్కన కూర్చుంది. "తిను. అతనొచ్చేసరికి నువ్వు మంచం పడితే ఎలా?"

వెనకే నేను వెళ్ళాను. తర్వాత అందరూ వచ్చారు. బల్ల చాలక కొందరం నేల మీదే కూర్చున్నాం.

"ఏంటీ మాటలు?" అన్నాడు సూపర్‌వైజర్.

"నోట్లో ముద్ద పెట్టుకుని ఏం మాట్లాడతాం బాబూ," అంది పిన్ని.

ఆ సాయంత్రమే పిన్నిని పనిలోంచి తీసేశారు. మర్నాడు మేమెవరమూ గేటు దాటి లోపలికి వెళ్ళలేదు. వారం తిరక్కుండా ఆమెను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు.

పొడుగక్క మొగుడు మాత్రం ఇప్పటికీ రాలేదు. వంతులేసుకుని ఆమె ఇంట్లో తోడు పడుకుంటున్నాం. తలుపు చప్పుడైతే ఆమె ఉలిక్కిపడి లేస్తుంది. పక్కనున్న మేమూ లేస్తాం.