బావ కాలు పాతిన గుంత

కాలు లేదు. అయినా కాలుతోంది. సునీల్ బావ కాటమయ్యకు పట్టిన పీడ అదీ.

తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకు కట్టుకునే మోకు తెగి కిందపడ్డాడు కాటమయ్య. మోకు తెగిన పాపానికి మోకాలి కిందంతా పోయింది. చీము పట్టిన కుడికాలును పాలమూరులో ఒక ప్రైవేటు దవాఖానలో తీసేశారు. మూడు నెలల్లో పుండు మానింది గానీ, మనిషి మానలేదు. లేని కాలి వేళ్లు ముడుచుకుని, మెలిపడి, పగలంతా సలుపుతున్నాయి. తిండి సయించదు. పెట్టుడు కాలు మాటెత్తితే తిడతాడు.

ఆదివారం పొద్దున కాటమయ్య తల్లి అండాలు తీర్పు చెప్పింది. కోసిన కాలును పాతేటప్పుడు వేళ్లు ముడుచుకుని ఉండుంటాయి, అందుకే కొడుక్కి ఈ నరకం. గుంత తవ్వి, కాలు బయటికి తీసి, వేళ్లు సాపు చేసి మళ్లీ పాతాలి. అది పాతినవాడి పనే.

"నీ చేత్తోని పెట్టినవు గద సునీలూ, జాగ నీకే ఎరుక," అన్నది.

మూడు నెలల నాటి కాలు. దాని వేళ్లు ఒక్కొక్కటే సాపు చేయడం. తలుచుకుంటేనే పొద్దున తిన్న ఉప్మా గొంతుదాకా వచ్చి పలకరించి పోయింది. అయితే అసలు రోత అది కాదు. ఆ గుంతలో కాలే లేదు.

ఆ రోజు దవాఖానలో సంతకం పెట్టించుకుని, నల్ల కవర్లో కాలు చుట్టి ఇచ్చారు. సొంత చెలకలో పాతిపెట్టమని అక్క కృష్ణమ్మ మరీ మరీ చెప్పింది. బండి హ్యాండిల్‌కు తగిలించుకుని బయలుదేరాడు సునీల్. కవరు ప్రతి గుంతకూ వచ్చి మోకాలికి తన్నేది. బావ బతికుండగానే బావ కాలితో తన్నులు తిన్న బామ్మర్ది జిల్లాలో ఇతనొక్కడే అయ్యుంటాడు. ఈగలు మూగాయి. కవరు అడుగున తడి తేలింది. కొల్లాపూర్ రోడ్డు మీద, మురుగు పారే ఒక మోరీ దగ్గర రెండు కుక్కలు వెంటపడ్డాయి. అంతే, కవరును మోరీలోకి విసిరి, వెనక్కి చూడకుండా బండి ఉరికించాడు. చెలకలో మాత్రం నడుముదాకా గుంత తవ్వి, ఒక బండరాయి వేసి, పసుపు కుంకుమ చల్లి, ముఖం కడుక్కుని ఇంటికొచ్చాడు. ఏడ్చాడు కూడా. అది తలుచుకుంటే అతని ముఖం మీద అతనికే ఉమ్మాలనిపిస్తుంది.

అమావాస్య వెళ్లాక తవ్వుదామని ఆ పూటకు గండం దాటించి, మర్నాడే బావను ఆటోలో పాలమూరు సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ కసరత్తులు చేయించే మనీష మేడం తవ్వొద్దు అని ఒక్క మాటంటే చాలు. బావ నొప్పి తగ్గాలని కాదు, తన గుట్టు దక్కాలని. నాలుగణాల జాలి, పన్నెండణాల భయం.

మనీష మేడం ఆ మాటే అన్నది. నొప్పి మట్టిలో లేదు, మెదడులో ఉంది. అట్లని అబద్ధపు నొప్పి కాదు, నిఖార్సయిన నొప్పే. ఒంట్లోని ఒక్కో భాగానికి మెదడులో ఒక్కో జాగా ఉంటుంది. అవయవం పోతే ఆ జాగాను పక్కవి కబ్జా చేస్తాయని చాలా ఏండ్లు అనుకున్నారు. ఈ మధ్య, చేతులు తీసేసినవాళ్ల మెదళ్లను ఆపరేషన్‌కు ముందూ తర్వాతా స్కాను తీసి చూస్తే, చేతి జాగా చేతి పేరు మీదే ఉన్నదట.

"అంటే నా కాలు పోయింది గని పట్టా మారలే," అన్నాడు కాటమయ్య. మూడు నెలల్లో అతను వేసిన మొదటి జోకు అది.

రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టింది మనీష. అద్దంలో ఎడమకాలే కుడికాలై కనబడింది. లేని కాలు ఇప్పుడేం చేస్తోందని అడిగింది.

కాటమయ్య చాలాసేపు చూశాడు. "చెట్టును పట్టుకున్నదమ్మా. పడ్డనాడు ఎట్ల పట్టిందో, గట్లనే పట్టుకొనున్నది."

"అయితే మెల్లగ దిగుదాం అన్నా," అన్నది మనీష.

అద్దంలో చూస్తూ ఎడమకాలి వేళ్లు ముడిచాడు, విప్పాడు. ఒక్కో జానెడు కిందికి జారుతున్నట్టు పాదం కదిలించాడు. అందరికీ పని చేస్తుందని చెప్పలేనని, రోజూ చేయాలని చెప్పి పంపించిందామె. ఇంట్లో పూటకు పది నిమిషాలు బీరువా తలుపు తెరిచి, దాని అద్దాన్ని కాళ్ల మధ్య పెట్టుకుని చెట్టు దిగాడు కాటమయ్య. తొమ్మిదో రోజు, "ఇడిసింది ర," అని గోడకు ఒరిగి, కళ్లు మూసుకున్నాడు. కృష్ణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంకేముంది, తవ్వుడు తప్పింది. కానీ అండాలు ఊరుకోలేదు. ఇంత చల్లగా పాతిన జాగాకు మొక్కడానికి ఒక చిన్న గద్దె కట్టించాలన్నది. కాటమయ్య సునీల్ చేయి పట్టుకున్నాడు.

"నడుముదాక తవ్వినవంట గద బామ్మర్ది. నా కాలు నీ చేతుల సల్లగ పండుకున్నది. పెట్టుడు కాలు తెప్పియ్యి, నడుస్త."

బండరాయికి గద్దె. సునీల్‌కు ఒళ్లంతా కంపరమెత్తింది. నిజం కక్కేద్దామని పెరట్లోకి వచ్చి, ముందు మనీషకు ఫోన్ చేశాడు. తన దోస్తొకడు ఇట్లా చేశాడని మొదలుపెట్టి, మోరీ దాకా, కుక్కల దాకా అంతా చెప్పాడు. పేషెంటుకు చెప్తే ఏమన్నా అవుతుందా అని అడిగాడు.

అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"నొప్పిల మనిషి నమ్మకం కూడ కలిసుంటది," అన్నది మనీష. "కుక్కలు పీకినయని చెప్తే, రేపటినుంచి కుక్కలు పీకుతున్నట్టే నొయ్యొచ్చు. చెప్పొద్దనండి మీ దోస్తుకు. ఇంకొక మాట. గా దోస్తు ముచ్చట నాకెన్నడు చెప్పకండి, నాకు అన్నం సయించదు."

గుండె మీది బరువు దిగింది. పిరికితనానికి శాస్త్రమే పర్మిట్ ఇచ్చేసింది. చెప్పకపోవడమే ఇక వైద్యం. సంబరమేసింది సునీల్‌కు. ఆ సంబరం కనబడకుండా, ఆ రోజులాగే ముఖం కడుక్కున్నాడు.

లోపలి నుంచి అక్క పిలిచింది. కోడిని కోసిందట. బావ పక్కనే పీట వేసి, కంచంలో అన్నం పెట్టి, ఇంట్లో అల్లుళ్లకు మాత్రమే దక్కే నిండు కాలు ముక్క తీసి తమ్ముడికి వడ్డించింది. బావ దాని వైపు చూసి నవ్వాడు. అండాలు విసనకర్రతో విసురుతూ కూర్చుంది.

"తినురా," అన్నాడు కాటమయ్య.

సునీల్ తిన్నాడు. ఒక్క పోగు మిగలకుండా, బొక్క తేలేదాకా.