ఊరికే వచ్చిన పెట్టెలు

సుగంధి ఎర్ర పెట్టెను వేలితో తోస్తే చాలు, చక్రాల మీద నున్నగా జారిపోతోంది. ఉగాదికి మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో ఉన్న అత్తగారింటికి వెళ్ళిన రోజంతా విజయరాణి కళ్ళు ఆ పెట్టె మీదే ఉన్నాయి. సుగంధి తోడికోడలు, పైగా తనకంటే చిన్నది.

"కొన్నావేటి?" అంది విజయరాణి.

"నేదక్కా. నిరుడు మాల్లో బ్యాంకోళ్ళ క్రెడిట్ కార్డుకి అప్లై సేస్తే ఊరికే ఇచ్చినారు."

ఊరికే! విజయరాణికి ఒళ్ళు మండిపోయింది. అదృష్టమంతా దీని నెత్తినే రాసిపెట్టి ఉందా? తన బట్టలు జిప్పు ఊడిన సంచిలో ఉన్నాయి మరి.

కౌలాలంపూర్ తిరిగొచ్చిన మర్నాడే మాల్‌కి వెళ్ళింది. ఎస్కలేటర్ పక్కన బ్యాంకుల బల్లలు, వాటి ముందు పెట్టెలు. మొదటి బల్ల దగ్గర నీలం పెట్టె ఇచ్చారు. ఇంటికి తెచ్చాక అది సుగంధి పెట్టె కంటే చిన్నదిగా కనిపించింది. వెంటనే ఇంకో బ్యాంకుకి అప్లై చేసింది. తర్వాత మరొకటి. ఒక బ్యాంకు కార్డు ఇవ్వనంటే రోషం పొడుచుకొచ్చి పక్క బల్లకి నడిచింది. కార్డులు వాడే ఉద్దేశం ఆమెకు ఏ కోశానా లేదు. హాల్లో పెట్టెలు వరసగా నిలబడితే ప్రాణం కాస్త కుదుటపడేది.

ఆ నెలలోనే భర్త కుగన్ సైబర్‌జయలో ఒక ఇల్లు చూశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ బ్రిక్‌ఫీల్డ్స్‌లో అద్దె ఫ్లాటే. ఈ ఇంట్లో పెద్ద కిటికీ ఉన్న గది చూడగానే "మన మంచం ఇక్కడే" అనేసింది విజయరాణి. కుగన్ జీతమొక్కటే చాలదు కాబట్టి లోన్ ఇద్దరి పేరునా అడిగారు. లోన్ చేతికి రాకముందే ఆమె ఇంటి ఫోటోలన్నీ కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. సుగంధి కుళ్ళుకు చావాలని.

వారం తిరిగేసరికి బ్యాంకు నుంచి పిలుపొచ్చింది. లోన్లు చూసే చంద్ర తెలుగు సంఘంలో తెలిసినవాడే.

"ఏటక్కా ఇది? ఒక్క నెల్లో ఇన్ని కార్డులు అడిగినారా? అడిగిన పెతిసారీ ఆ బ్యాంకు మీ అప్పుల రిపోర్టు తీసి సూసినాది. అదంతా అందులో పడిపోయి మీ క్రెడిట్ స్కోరు దిగిపోయినాది. సేతిలో డబ్బాడక అడుగుతున్నారని మావాళ్ళు అనుకున్నారు."

"పెట్టెల కోసం అడిగినాను తమ్ముడూ!"

"పెట్టెల కోసమని రిపోర్టులో రాయరక్కా. ఆరు నెలలు ఏ కార్డూ, ఏ లోనూ అడక్కండి. అప్పుడు సూద్దాం."

ఇల్లు అమ్మేవాడు అంతకాలం ఆగనన్నాడు. ఇంటికొచ్చాక కుగన్ పెట్టెల వంక చూశాడు, ఆమె వంక చూడలేదు. తిట్టినా బాగుండేదనుకుంది.

కొన్నాళ్ళకి సుగంధి ఫోన్ చేసింది. "అక్కా, కోపం సేసుకోకు. నువ్వు పెట్టిన ఫోటోలు సూసి ఆ ఇల్లు మేం అడిగినాం. లోన్ వచ్చేసినాది."

"నీకూ కార్డుంది కదే!"

"ఒక్కటే కదక్కా. శనివారం సామాన్లు మారస్తన్నాం. నీకాడ పెట్టెలు సానా ఉన్నాయంట, తెస్తావేటి?"

అసూయతో రగిలిపోయినా కాదనలేకపోయింది. శనివారం సుగంధి చీరలతో నిండిన నీలం పెట్టెను విజయరాణే ఆ ఇంటి గడప దాటించింది. అది నున్నగా జారిపోయింది.

"ఏ గదిలో పెట్టమంటావే?"

"పెద్ద కిటికీ ఉన్నదాన్లో అక్కా," అంది సుగంధి.