తుప్పు పెంచే కూతురు

తండ్రి జీవితమంతా వంతెనలకు రంగులు వేశాడు. ఇనుము మీద తుప్పు కనబడితే చాలు, ఆయనకు ఒళ్లు మండేది. అలాంటి మనిషి కడుపున పుట్టి, కూతురు తుప్పును పెంచే ఉద్యోగంలో చేరింది. ఎవరైనా అడిగితే "ఏదో ల్యాబులో పనిలెండి" అని ఆయన మాట దాటేసేవాడు. అది విన్నప్పుడల్లా ఆమె మనసు చివుక్కుమనేది.

అందుకే, తనను చూడటానికి వచ్చిన ఆయన సాయంత్రం తిరుగు బండి ఎక్కేలోపు, ఒక్కసారి చూపించాలని ల్యాబుకు తీసుకొచ్చింది. బల్ల మీద చిన్న గాజు పలక, దాని మీద ఎర్రటి పూత. కంటికి ఆనని సన్నటి ఇనుప ఆక్సైడు పుల్లలు అక్కడ పచ్చికలా ఒత్తుగా మొలిచాయి. నీళ్లలో ముంచి ఎండ తగలనిస్తే, ఎండ చాలని కాస్త శక్తిని బ్యాటరీ అందిస్తే, నీళ్లు విడిపోయి ఎదురుగా ముంచిన తీగ మీద హైడ్రోజన్ బుడగలు పుడతాయి. ఆ బుడగలు ఆమెకు కలల్లోకి కూడా వచ్చేవి. వంటింటి గిన్నెల్లోంచి, దిండు కిందినుంచి, తొందర లేకుండా పైకి తేలిపోయేవి.

నీళ్లు తేవడానికి పక్క గదిలోకి వెళ్లి వచ్చేసరికి కొంప మునిగింది.

"గాజుకు కూడా తుప్పు పట్టడం ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నాడాయన, జేబులోంచి తీసిన గరుకు కాగితంతో పలకను రుద్దుతూ.

"నాన్నా, అదే నా పని" అంది. కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆయన చేయి ఆగింది. ఒక అంచున వేలెడు ఎరుపు మిగిలింది.

ఆమె ఆ మిగిలినదాన్నే బ్యాటరీకి తగిలించి, తీగతో పాటు నీళ్లలో దించింది. కిటికీ ఎండ పలక మీదికి జరిగింది. ఇద్దరూ స్టూళ్లు లాక్కుని కూర్చున్నారు. గది కూడా నీళ్లలోనే ఉన్నట్టు సద్దుమణిగింది. తీగ మీద ఆవగింజలో సగమంత బుడగ పుట్టి, ఉబ్బి, మెల్లగా పైకి తేలింది. తర్వాత ఇంకొకటి.

"ఇది మండుతుందా?"

"మండుతుంది. పొగ రాదు. మళ్లీ నీళ్లే అవుతుంది."

"ఇదంతా తుప్పే చేస్తోందా?"

"ఎండా, తుప్పూ కలిసి."

ఆయన గరుకు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను గీకకపోతే ఎన్ని వచ్చేవి?"

"ఇన్నే నాన్నా."

"నీకు అబద్ధం చేతకాదే" అన్నాడు, కళ్లు తుడుచుకుని. "ఇంకో పలక ఎప్పటికి పెరుగుతుంది?"

"నాలుగు రోజులు."

"అయితే ఈ బండిని పోనీ. చూసే వెళ్తాను."