ఆళ్లగడ్డకు చేరని కొంగు

మా నాయన ఆదినారాయణ ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కుతాడు. నేను నంద్యాలలోని మా దుకాణంలో ఆర్డర్లు తీసుకుని కంప్యూటర్లో ఎక్కిస్తాను. వాటి నకలు ఆయన ఫోన్లో ఉంటుంది. ఆయన చెక్కే షెడ్డు దగ్గర సిగ్నల్ అంతంత మాత్రం. అందుకే ప్రతిసారీ అన్నీ లాగకుండా, పోయినసారి అడిగిన తర్వాత మారినవి మాత్రమే ఫోన్ తెచ్చుకునేలా ప్రోగ్రాం రాశాను. రాశానని గర్వం కూడాను!

ఆ ఉదయం భాస్కరయ్య దుకాణానికి వచ్చాడు. చనిపోయిన భార్య మహానందమ్మ విగ్రహం చేయమని పాత ఫొటో ఇచ్చినాయన. మొన్న వచ్చి, తలమీద కొంగు కప్పినట్టు ఉండాలని మార్చాడు. నేను వెంటనే ఎక్కించాను.

"కొంగు పెడతాండారా పాపా?"

కంప్యూటర్ చూస్తే ఆ మార్పు ఫోన్‌కు అందినట్టే లేదు. నాయన నిన్ననే తల పని పట్టుకున్నాడు. కొంగుకు ఉంచాల్సిన రాయి ఎగిరిపోతే మళ్లీ అతకదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. షెడ్డులో రాళ్లు కోసే మిషన్ మోతలో ఏం వినపడుతుంది!

"పోదాం పా," అన్నాడు భాస్కరయ్య.

బస్సు ప్రతి స్టేజీలో ఆగుతుంటే డ్రైవర్ మీద అరవాలనిపించింది. కూర్చోలేక లేచి నిలబడ్డాను. అప్పుడు తట్టింది. బస్సు తప్పిపోకూడదని నాయన ఫోన్ టైమును ఇరవై నిమిషాలు ముందుకు పెట్టుకుంటాడు. ఆ ఫోన్ నిజానికి పదింటికి అడిగి, తన గడియారం ప్రకారం పది ఇరవైకి అడిగానని గుర్తు పెట్టుకుంటుంది. మరోసారి పది ఇరవై తర్వాతివే అడుగుతుంది. మధ్యలో మారినవి ఇక ఎప్పటికీ రావు. కొంగు ఆ సందులో పడిపోయింది. నాయన మీదా, నా తెలివి మీదా ఒళ్లు మండిపోయింది.

షెడ్డులోకి పరిగెత్తాను. "ఆపు నాయనా!"

ఉలి ఆగింది. తల అప్పటికే అయిపోయింది. నడి పాపిట, నిండు జుట్టు, వెనక పెద్ద కొప్పు.

"ఏందీ అరుస్తాండావ్? ఫొటోలో ఉన్నట్టే కదా చేసినా."

నాకు ఏడుపొచ్చింది. "పెద్దాయనా, కొత్త రాయిలో మళ్లీ చెక్కిస్తాం," అన్నాను.

భాస్కరయ్య వినిపించుకోలేదు. దగ్గరికి వెళ్లి, రాతి జుట్టు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"క్యాన్సర్ మందులకు జుట్టంతా రాలిపాయ. సిగ్గుపడి నా ముందర కూడా కొంగు తీయల్యా. ఆ కొంగుతోనే సాగనంపితిమి. అదే కండ్లల్లో మెదిలి కొంగు అడిగితి. జుట్టు కోసం ఎంత ఏడ్సిందో పాపా. ఇట్లే ఉండనీండి."

సాయంత్రం నంద్యాల వచ్చి, కంప్యూటర్లోని కొంగును నేనే తీసేశాను.