మరిగిన మందు

మా అత్తయ్యకి శుభ్రత అంటే చాదస్తం. పాలూ నీళ్లూ సరే, దువ్వెన కూడా మరిగించే మనిషి. పేగు ఆపరేషన్ అయ్యాక, మలం పొట్ట మీది రంధ్రంలోంచి బయటికి వచ్చేలా చేసి అక్కడ ఆవిడకి సంచీ తగిలించారు. పేగులోంచి కారే రసానికి అన్నానికీ ఒంటికీ తేడా తెలియదు. సంచీ చుట్టూ చర్మాన్ని కూడా అరిగించేస్తోంది.

నేను బంగాళాదుంపల పిండి తీసే ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. పిండి తీశాక మిగిలిన నీళ్లు పారబోస్తారు. ఆ నీళ్లలో ఒక ప్రోటీన్ ఉంది. తనను తిన్న పురుగుకి అరక్కుండా దుంప దాచుకున్న ఆయుధం అది. అరిగించే రసాల నోరు కట్టేస్తుంది. నాలుగేళ్లు తిప్పలు పడి దాన్ని సీసాలోకి తెచ్చాను. ఆస్పత్రి డాక్టరమ్మ పన్నెండు మందికి ఇచ్చి చూస్తోంది. వాళ్లలో అత్తయ్య ఒకరు. రోజూ తలుపేసుకుని తనే ఆ మందులో గుడ్డ తడిపి సంచీ చుట్టూ వేసుకునేది, నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు.

"ఎలా ఉందత్తయ్యా?"

"చాలా నయం తల్లీ."

నేను మురిసిపోయి డాక్టరమ్మకి ఇవ్వాల్సిన కాగితంలో అలాగే రాసేదాన్ని.

మూడోవారం ఆవిడ చెయ్యి బెణికి, తప్పక నన్ను పిలిచింది. సంచీ తీసి చూస్తే ఎర్రటి పచ్చిపుండు. నాలుగేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే అనుకున్నాను. నా పని ముందు గుర్తొచ్చి, ఆవిడ బాధ తర్వాత గుర్తొచ్చినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సీసా కోసం వంటింట్లోకి వెళ్తే, పొయ్యి మీద గిన్నెలో విరిగిన పాలలా తెల్లటి తరకలు.

"ఇదేంటత్తయ్యా?"

"నీ మందే. ఎవరెవరి చేతులు పడ్డాయో ఏమో! రోజూ ఓ అరగంట మరిగిస్తున్నా."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిదవుతుందా? దాని పసంతా పోయింది! ఇంత మంట పెట్టుకుని నయమని ఎందుకు చెప్పారు?"

"నువ్వు అడిగినప్పుడల్లా నీ మొహం చూసి చెప్పేదాన్నే. నా పొట్ట చూసుకుని కాదు."

నాకు ఏడుపే వచ్చింది. ఆవిడ బెణకని చేత్తో నా తల నిమిరింది.

కాగితాలు పట్టుకెళ్లి డాక్టరమ్మకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ చీవాట్లు పెట్టి, కొత్త సీసా ఇచ్చి, ఒక్క వారం చూసి తగ్గకపోతే ఆపేద్దామంది. ఆ రోజు నుంచి నేనే వేశాను. అత్తయ్య మొదట కళ్లు మూసుకునేది. తర్వాత కబుర్లు చెప్పడం మొదలుపెట్టింది.

ఐదోరోజు ల్యాబ్‌కి ఫోన్ చేసింది.

"ఏమే, మండుతోంది. నిన్నటికన్నా తక్కువే గానీ, మండుతోంది. ఉన్నదున్నట్టు రాసుకో."

అత్తగారికి మంటగా ఉందని విని అంత పొంగిపోయిన కోడలు లోకంలో నేనొక్కదాన్నేనేమో.